భూగోళం చుట్టూ బండి మీద: మీ ప్రశ్నలు, నా జవాబులు

మోటార్‌సైకిల్ మీద దేశాలు దాటి తిరగడం గురించి ఏమైనా అడగొచ్చని పోయిన సంచికలో రాశాం. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ‘ఏ బండి కొనాలి’ అనే ఉన్నాయి. ‘ఎన్ని రోజులు పడుతుంది’ అని అడిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో. నా అనుభవంలో ఆ రెండోదే పెద్ద ప్రశ్న, ఎందుకో కిందకి వెళ్తుంటే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: అన్నా, ప్రపంచం చుట్టి రావాలని పదేళ్లుగా కోరిక. 1200 సీసీ అడ్వెంచర్ బండి తీసుకోమని కొందరు, 300 సీసీ చాలని కొందరు చెప్తున్నారు. నా ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. ఏది తీసుకోను?

కొనేముందు ఒక పని చేయండి. మీరు చూసుకున్న బండికి పెట్టెలు తగిలించి, వాటిలో బరువు నింపి, గడ్డి మీద పక్కకి పడుకోబెట్టి, ఒక్కరే లేపండి. ఒకసారి లేపి సంబరపడొద్దు, నాలుగుసార్లు లేపాలి. ఎందుకంటే ఇసుకలోనో గులకరాళ్లలోనో బండి పడే రోజున అది ఒక్కసారితో ఆగదు, నాలుగోసారి పడేసరికి మీకు ఆకలి, దాహం, కోపం అన్నీ ఉంటాయి, చుట్టుపక్కల మనిషి ఉండడు. లేపేటప్పుడు చేతుల బలంతో లాగితే నడుము పడుతుంది. గేరులో ఉంచండి, బండి కుడివైపు పడితే ముందే సైడ్ స్టాండ్ వేసేయండి, వీపు సీటుకి ఆనించి, హ్యాండిల్‌ని పూర్తిగా తిప్పి పట్టుకుని, చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ కాళ్లతో నెట్టండి.

ఇప్పుడు బరువుల సంగతి. బీఎండబ్ల్యూ ఆర్ 1250 జీఎస్ ఖాళీ పెట్టెలు కూడా లేకుండానే 249 కిలోలు. డేరా, పనిముట్లు, నీళ్లు, బట్టలు కలిపితే 300 దగ్గరికి వచ్చేస్తుంది. హోండా సీఆర్‌ఎఫ్ 300ఎల్ లాంటిది 140 కిలోల చిల్లర. హైవే మీద పెద్ద బండి హాయి, అందులో అబద్ధం లేదు, ఎదురుగాలిలో రోజంతా కూర్చున్నా ఒళ్లు హూనం కాదు. కానీ బండిని ఎంచుకోవాల్సింది హైవేని చూసి కాదు. మీ దారిలో అన్నిటికంటే పాడు రోడ్డు ఉన్న వెయ్యి కిలోమీటర్లు ఎక్కడున్నాయో పటంలో చూసి, దాన్ని బట్టి ఎంచుకోండి. మీ ఎత్తుకి కనీసం ఒక పాదమైనా పూర్తిగా నేలకి ఆనాలి, సీటు ఫోమ్ చెక్కించుకుంటే రెండు మూడు సెంటీమీటర్లు కలిసొస్తాయి.

ఇక ‘ఈ బండి మీద కుదరదు’ అనే మాట నేను నమ్మను. ఫ్రాన్స్ దేశపు ఆన్-ఫ్రాన్స్ దోత్‌విల్ 1973లో 125 సీసీ కవాసకి మీద ఒంటరిగా ఖండాలు దాటింది. అర్జెంటీనా మనిషి ఎమీలియో స్కోటో 1985 నుంచి 1995 దాకా, పదేళ్లపాటు, గోల్డ్ వింగ్ అనే ఏనుగులాంటి బండి మీద 7,35,000 కిలోమీటర్లు తిరిగాడు. అంత చిన్నదీ అంత పెద్దదీ రెండూ తిరిగి వచ్చాయి. ఎక్కువ దేశాల్లో అమ్ముడయ్యే మోడల్ అయితే మంచిది, బ్రేక్ ప్యాడ్లూ క్లచ్ కేబులూ దొరకడానికి.

ప్రశ్న: సార్, అలాస్కా నుంచి అర్జెంటీనా చివరిదాకా వెళ్లాలని మూడు నెలల సెలవు పెట్టాను. మొత్తం 30,000 కిలోమీటర్లు, రోజుకి 350 వేసుకుంటే సరిపోతోంది. కుదురుతుందా?

కాగితం మీద కుదురుతుంది. 30,000ని 350తో భాగిస్తే 86 రోజులు, మీ చేతిలో మిగిలేది నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల్లోనే మీరు పన్నెండు పదమూడు సరిహద్దులు దాటాలి, రెండు మూడుసార్లు వెనక టైరు మార్చాలి, ఇంజన్ ఆయిల్ నాలుగైదుసార్లు మార్చాలి, ఒకసారైనా కడుపు చెడుతుంది, బట్టలు ఉతుక్కోవాలి. పనామా నుంచి కొలంబియాకి రోడ్డు లేదు, బండిని విమానంలోనో ఓడలోనో ఎక్కించి దించుకోవడానికే ఆ నాలుగు రోజులూ సరిపోకపోవచ్చు.

నేను ఎవరికైనా చెప్పే లెక్క ఇదీ: ఆగిన రోజులన్నీ కలుపుకుని సగటు రోజుకి 200 కిలోమీటర్లు. బండి నడిపే రోజుల్లో 300 పోవచ్చు, తప్పులేదు, కానీ ఐదారు రోజులకోసారి ఒక రోజు తాళంచెవి ముట్టుకోకూడదు. ఆ లెక్కన మీ యాత్రకి ఐదు నెలలు. దీనికి వాతావరణం కూడా తోడవుతుంది. అలాస్కా ఉత్తరాన ఉన్న డాల్టన్ హైవే మీద హాయిగా తిరగగలిగేది జూన్ నుంచి ఆగస్టు వరకే, అటు అర్జెంటీనా దక్షిణ చివర ఉన్న ఉషుయాయాలో ఎండాకాలం డిసెంబర్ నుంచి ఫిబ్రవరి. ఆగస్టు మొదట్లో పైన బయల్దేరి డిసెంబర్ ఆఖరుకో జనవరికో కింద చేరితే రెండు చివరలా చలి తప్పుతుంది. మూడు నెలల్లో పరిగెత్తితే ఏదో ఒక చివర మంచులో ఉంటారు.

పైగా దక్షిణ అమెరికా దక్షిణ కొసన ఉన్న పటగోనియాలో గాలి సంగతి. అక్కడ తిన్నటి రోడ్డు మీద కూడా బండిని ఒక పక్కకి వంచి నడపాలి, అలా వాలిపోయి పోతుంటే ఎదురుగా లారీ వస్తుంది, అది పక్కనుంచి దాటే ఆ ఒక్క క్షణం గాలి ఆగిపోతుంది, మీరు వంగిన వైపుకి బండి లాగేస్తుంది, లారీ దాటగానే మళ్లీ గాలి చెంపదెబ్బ కొట్టినట్టు వచ్చి తగులుతుంది. ఆ రోజు 150 కిలోమీటర్లకే భుజాలు పడిపోతాయి. అప్పుడు ‘ఇంకో 200 పోవాలి’ అని సెలవుల లెక్క వెనకనుంచి తరుముతుంటే ప్రమాదం అక్కడే జరుగుతుంది. మూడు నెలలే ఉంటే కొలంబియాలో మొదలుపెట్టి దక్షిణ అమెరికా ఒక్కటే చేయండి. అది సగం యాత్ర అనుకోవద్దు, బతుకంతా చెప్పుకోవచ్చు.

ప్రశ్న: ఆ పనామా, కొలంబియా మధ్య రోడ్డు నిజంగానే లేదా? బండితో ఎలా దాటుతారు?

నిజంగానే లేదు. పనామాలో యావీసా అనే ఊరి దగ్గర రోడ్డు ఆగిపోతుంది. అక్కడినుంచి కొలంబియా వైపు రోడ్డు అందుకునేదాకా సుమారు 100 కిలోమీటర్లు అడవీ చిత్తడీ, దాన్నే డేరియన్ గ్యాప్ అంటారు. సాహసం చేద్దామని ఆలోచించకండి, అది మనుషుల్ని రవాణా చేసే ముఠాల దారి. బండిని విమానంలో పనామా సిటీ నుంచి బొగోటాకి పంపొచ్చు, లేదా ఇంకొకరితో కలిసి కంటైనర్ పంచుకుని కోలోన్ నుంచి కార్టహేనాకి ఓడలో పంపొచ్చు. విమానం త్వరగా అయిపోతుంది, ఓడకి తేదీలు చెప్పినట్టు ఉండవు. ఎలా పంపినా పెట్రోలు దాదాపు ఖాళీ చేయాలి, బ్యాటరీ తీగలు విప్పాలి. కంటైనర్‌కైతే ముందు పనామా పోలీసులు బండి ఛాసిస్ నంబర్ కాగితాలతో సరిచూస్తారు, ఆ నంబర్ మీద బురద ఉంటే మీరే తుడుచుకోవాలి, గుడ్డ ముక్క తీసుకెళ్లండి.

ప్రశ్న: కార్నె అనే పుస్తకం తప్పనిసరా? అవసరమే లేదని కొందరు, లేకపోతే బండి సరిహద్దులో వదిలేయాల్సిందే అని కొందరు అంటున్నారు. లైసెన్సు సంగతి కూడా చెప్పండి.

రెండు మాటలూ నిజమే, దేశాన్ని బట్టి. కార్నె ద పసాజ్ అంటే బండికి పాస్‌పోర్టు అనుకోండి. ఈ బండిని నేను మీ దేశంలో అమ్మను, తిరిగి తీసుకుపోతాను, తీసుకుపోకపోతే మీకు రావాల్సిన సుంకం చెల్లిస్తాం అనే హామీ అది. ఏఐటీ, ఎఫ్‌ఐఏ అనే అంతర్జాతీయ సంఘాల ఏర్పాటు కింద మీ బండి రిజిస్టరైన దేశంలోని ఆటోమొబైల్ క్లబ్బు ఇస్తుంది, దానికోసం మీ దగ్గర డిపాజిట్టో బ్యాంకు గ్యారంటీయో తీసుకుంటుంది. ఆ మొత్తం చాలా పెద్దది కావచ్చు, బండి విలువనీ మీరు పోయే దేశాల్నీ బట్టి ఉంటుంది, కొత్త ఖరీదైన బండి వద్దు అని నేను చెప్పడానికి ఇదొక పెద్ద కారణం. ఇరాన్, పాకిస్తాన్, ఈజిప్ట్, ఆస్ట్రేలియా, జపాన్ లాంటి దేశాలకి ఇది కావాలి. దక్షిణ అమెరికాలో చాలా చోట్ల అక్కర్లేదు, సరిహద్దులోనే తాత్కాలిక దిగుమతి కాగితం రాసిస్తారు. కార్నె ఏడాదే చెల్లుతుంది, కాబట్టి తేదీ చూసుకుని తీసుకోండి.

పుస్తకంలో ఒక్కో పేజీకి మూడు ముక్కలుంటాయి. దేశంలోకి వచ్చేటప్పుడు ఒక ముక్క, పోయేటప్పుడు ఒక ముక్క చింపుకుంటారు, మూడోది మీ దగ్గరే ఉంటుంది, దాని మీద రాక ముద్ర, పోక ముద్ర రెండూ పడాలి. ఆ పోక ముద్ర పడకపోతే బండి ఇంకా ఆ దేశంలోనే ఉన్నట్టు లెక్క, డిపాజిట్ చిక్కుల్లో పడుతుంది.

నాకొకసారి ఇది అయింది. సాయంత్రం ఐదు దాటింది, పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టారు, గేటు ఎత్తారు, చీకటి పడేలోపు ఊరు చేరాలన్న తొందరలో అవతలి దేశం గేటు దాకా వచ్చేశాను. అక్కడి కస్టమ్స్ ఆయన పుస్తకం తీసి వెనక పేజీ తిప్పి చూపించాడు, రాక ముద్ర నీలం రంగులో ఉంది, దాని పక్క గడి తెల్లగా ఉంది. బండి అక్కడే ఆపి, హెల్మెట్ చేత్తో పట్టుకుని, రెండు దేశాల మధ్య నేలమీద నడిచి వెనక్కి పోతే కస్టమ్స్ గదికి తాళం. పొద్దున ఎనిమిదింటికి తెరిచేదాకా అక్కడి బెంచీ మీదే పడుకున్నాను. అప్పటినుంచి గేటు ముందు ఇంజన్ ఆపి, పుస్తకం ట్యాంకు మీద పెట్టి, గడి మీద వేలు పెట్టి చూసుకుంటాను. సరిహద్దు దాటే రోజున ఇంకే పనీ పెట్టుకోకూడదని కూడా అప్పుడే నేర్చుకున్నాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్లు రెండు రకాలు నడుస్తున్నాయి, 1949 జెనీవా ఒప్పందం కిందది ఏడాది, 1968 వియన్నా ఒప్పందం కిందది గరిష్ఠంగా మూడేళ్లు, ఏ దేశం ఏది ఒప్పుకుంటుందో చూసుకుని అవసరమైతే రెండూ పెట్టుకోండి, రెండిట్లోనూ మోటార్‌సైకిల్ గడిలో ముద్ర ఉండాలి. యూరప్‌లో, దాని చుట్టుపక్కల దేశాల్లో గ్రీన్ కార్డ్ అనే ఇన్సూరెన్స్ నడుస్తుంది, మిగతా చోట్ల చాలావరకు సరిహద్దు దగ్గరే కొనుక్కోవాలి. చైనాకి మీ బండితో పోవాలంటే ముందే పర్మిట్లు, అక్కడి తాత్కాలిక లైసెన్సు, వెంట గైడు కావాలి. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నాక పదో రోజు నుంచే ఆ కార్డు చెల్లుతుంది, 2016 నుంచి అది జీవితాంతం పనికొస్తుంది. ఆస్ట్రేలియాకి పంపేటప్పుడు బండిని పళ్లు తోమే బ్రష్షుతో కడగండి, మడ్‌గార్డ్ లోపల ఎండిన మట్టీ, రేడియేటర్‌లో ఇరుక్కున్న గడ్డిగింజా అక్కడి తనిఖీలో కనిపిస్తే మళ్లీ కడిగించాల్సిందే.

ప్రశ్న: మా అక్క వచ్చే ఏడాది ఒక్కతే లండన్ నుంచి కేప్‌టౌన్ దాకా బండి మీద పోతానంటోంది. ఇంట్లో అందరికీ టెన్షన్. వద్దని చెప్పాలా? చెప్తే వింటుందా?

తమ్ముడూ, మీ టెన్షన్ నాకర్థమైంది. కానీ వద్దని చెప్పకండి. చెప్తే ఆవిడ మానదు, మీతో చెప్పడం మానేస్తుంది, అది ఇంకా ప్రమాదం.

అక్క ఎంచుకున్న దారిలోనే థెరిసా వాలక్, ఫ్లోరెన్స్ బ్లెంకిరన్ అని ఇద్దరమ్మాయిలు 1934 డిసెంబర్‌లో లండన్‌లో బయల్దేరి, సహారా ఎడారి దాటి, 1935 జులై ఆఖరుకి కేప్‌టౌన్ చేరారు. 600 సీసీ పాంథర్ బండికి ఒక సైడ్‌కారు, దాని వెనక ఒక ట్రైలర్. ఎల్స్‌పెత్ బియర్డ్ 1982లో 23 ఏళ్ల వయసులో పాత బీఎండబ్ల్యూ మీద బయల్దేరి ప్రపంచం చుట్టి 1984లో ఇల్లు చేరింది. ఇంట్లో పెద్దవాళ్లకి ఈ సంగతి చెప్పండి, కాస్త ఊపిరి పీల్చుకుంటారు.

దారి మాత్రం కచ్చితంగా మాట్లాడండి. ఈజిప్ట్, సూడాన్, ఇథియోపియా మీదుగా పోయే తూర్పు దారి, 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో యుద్ధం మొదలయ్యాక తెగిపోయింది. అందుకే చాలామంది మొరాకో, మారిటానియా, సెనెగల్ వైపు పడమటి తీరం పట్టుకుని పోతున్నారు, అది పొడుగు, వీసాలూ ఎక్కువ. బయల్దేరే నెలలో పరిస్థితి ఎలా ఉందో చూసుకుని నిర్ణయించుకోవాలి, ఇప్పుడే ఖాయం చేసుకోకూడదు.

ఇంట్లోవాళ్లు దొంగల గురించీ మనుషుల గురించీ భయపడతారు. ఇన్నేళ్లుగా తిరుగుతున్న నాకు భయం వేసేది రాత్రి రోడ్డు అంటేనే. లైట్లు లేని లారీలు, రోడ్డు మధ్యలో పడుకున్న పశువులు, అంచు కనపడని గుంతలు. అక్క దగ్గర ఒక్క మాట తీసుకోండి: పొద్దు వాలకముందే ఆగిపోవాలి, ఆ రోజు అనుకున్న ఊరు చేరకపోయినా సరే.

ఇంకొకటి, మీరే ఇంటి దగ్గర కేంద్రంగా ఉండండి. పాస్‌పోర్టు, కార్నె, లైసెన్సు, ఇన్సూరెన్స్, బ్లడ్ గ్రూపు, అన్నిటి కాపీలు మీ దగ్గర పెట్టుకోండి. రోజూ ఒక మెసేజ్ రావాలి, రాకపోతే ఏం చేయాలో ముందే రాసుకోండి. 24 గంటలు ఆగడం, తర్వాత చివరి బసకి ఫోన్ చేయడం, ఆ తర్వాత రాయబార కార్యాలయం. ముందే అనుకుని ఉంటే ఫోన్ సిగ్నల్ లేని ఒక్క రాత్రికే ఇల్లంతా ఏడుపుతో నిండదు. సిగ్నల్ లేని చోట పనిచేసే శాటిలైట్ మెసెంజర్ కొనివ్వగలిగితే కొనివ్వండి, తమ్ముడు ఇచ్చే కానుకల్లో అంతకంటే మంచిది నాకు తోచడం లేదు. మెడికల్ ఇన్సూరెన్స్‌లో రెండు లైన్లు మీరే కూర్చుని చదవండి: ఎన్ని సీసీల బండి దాకా వర్తిస్తుంది, ఆసుపత్రికి విమానంలో తరలించే ఖర్చు ఇస్తారా లేదా. చాలా పాలసీలు చిన్న స్కూటర్ల దగ్గరే ఆగిపోతాయి.

ప్రశ్న: ట్యూబ్ టైరు ఎక్కడో ఎడారిలో పంక్చరైతే? నేను జన్మలో టైరు విప్పలేదు.

అయితే ఈ ఆదివారం ఇంట్లోనే విప్పండి. ఎండలో మొదటిసారి నేర్చుకునే పని కాదది.

బండిని గట్టి నేల మీద నిలబెట్టి చక్రం బయటికి తీసి, వాల్వు లోపలి పిన్ను విప్పి గాలి మొత్తం తీసేయండి. మొదటి కష్టం ఇక్కడే, టైరు అంచు రిమ్ముకి అతుక్కుని ఉంటుంది, కాళ్లతో తొక్కినా రాదు. తోడుగా ఇంకో బండి ఉంటే దాని సైడ్ స్టాండ్ కింద టైరు అంచు పెట్టి, ఆ బండిని దాని మీదకి వంచితే ఫట్‌మని ఊడుతుంది. తర్వాత సబ్బునీళ్లు రాయండి. టైర్ లీవర్లు మూడు కావాలి, రెండిటితో పట్టి ఉంచి మూడోదానితో ఎత్తాలి. ఎత్తేటప్పుడు బలం ఎక్కువ పడుతోందంటే మీరు తప్పు చేస్తున్నారని అర్థం: లీవర్‌కి ఎదురుగా ఉన్న అంచుని మోకాలితో నొక్కి రిమ్ము మధ్య పల్లంలోకి దించండి, అప్పుడు ఇటువైపు అంచు మెత్తగా పైకొస్తుంది. మొత్తం కిటుకు అదే.

ట్యూబ్ బయటికి లాగి కాస్త గాలి కొట్టి చెంప దగ్గర పెట్టుకోండి. ఎడారిలో నీళ్ల తొట్టి ఉండదు, కానీ చెంపకి సన్నటి గాలి కూడా తెలుస్తుంది. చిల్లు చుట్టూ పెన్నుతో గుర్తు పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పల్చగా పూసి ఆగండి. అందరూ తొందరపడి పాడుచేసుకునేది ఈ ఐదు నిమిషాలే. వేలు పెడితే తడి అంటకుండా కొంచెం జిగురుగా ఉండాలి, అప్పుడు ప్యాచ్ వేసి లీవర్ వెనకతో గట్టిగా రుద్దాలి.

ట్యూబ్ మళ్లీ ఎక్కించే ముందు టైరు లోపల గుడ్డ చుట్టుకుని వేళ్లతో మొత్తం తడమండి. ముల్లు ఇంకా అక్కడే ఉంటుంది. అది తీయకుండా ఎక్కించి, రెండు కిలోమీటర్లు పోయి, మళ్లీ మొదటినుంచీ చేసినవాళ్లని నేను చూశాను. ట్యూబ్‌లో గుండ్రంగా నిలబడేంత గాలి కొట్టి ఎక్కిస్తే లీవర్ కింద నలగదు. వాల్వు నట్టు చివరిదాకా బిగించకండి, టైరు కొద్దిగా జరిగితే వాల్వు వంగి తెగిపోకుండా ఉంటుంది. చేతి పంపు దండగని అనుకోవద్దు, బ్యాటరీ పంపు పనిచేయని రోజు ఒకటి ఉంటుంది. ప్యాచ్‌లతో పాటు ముందు చక్రం సైజు ట్యూబ్ ఒకటి పెట్టుకోండి, అత్యవసరంలో అది వెనక చక్రంలో కూడా కొంత దూరం లాగిస్తుంది.

ప్రశ్న: మధ్య ఆసియా కొండల్లోని పామీర్ హైవే మీద మంచి పెట్రోలు దొరకదట, బండి ఎత్తులో బలం కోల్పోతుందట. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి పాడవుతుందా?

పాడవదు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పల్చబడుతుంది, 4,000 మీటర్ల దగ్గర ఇంజన్ బలంలో దాదాపు మూడోవంతు పోతుంది, ఏ బండికైనా అంతే. ఇంజెక్షన్ బండి పెట్రోలుని దానంతటదే సరిచేసుకుంటుంది. కార్బురేటర్ బండి అయితే పెట్రోలు ఎక్కువై పొగ కక్కుతూ దగ్గుతుంది, పెట్రోలు తక్కువ వదిలే చిన్న జెట్ వేసుకోవాలి.

ఉజ్బెకిస్తాన్, తజికిస్తాన్ వైపు 80 ఆక్టేన్ అనే నాసిరకం పెట్రోలు కూడా తగులుతుంది. గేరు ఎక్కువలో పెట్టి యాక్సిలరేటర్ గట్టిగా తిప్పితే ఇనుప డబ్బాలో గింజలు ఆడించినట్టు చప్పుడు వస్తుంది. వెంటనే గేరు తగ్గించి, చేయి వదులు చేయండి. బాగున్న ఊళ్లో 95 దొరికినప్పుడు నింపుకుని, తర్వాత ఇందులో కలుపుకుంటూ పోవచ్చు. చిత్రం ఏంటంటే ఎత్తులో సిలిండర్‌లో ఒత్తిడి తగ్గడం వల్ల ఆ చప్పుడు కూడా తగ్గుతుంది, పల్లంలోకి దిగాకే ఎక్కువ జాగ్రత్త కావాలి. బక్కెట్‌తో పోస్తుంటే గుడ్డతో వడకట్టండి.

బండి కంటే మీ తలకాయ గురించి ఆలోచించండి. కిర్గిజ్‌స్తాన్‌లో ఓష్ వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది, అక్కడినుంచి రెండు రోజుల్లో 4,655 మీటర్ల అక్‌బైతాల్ కనుమ ఎక్కేయొచ్చు, రోడ్డు అడ్డం చెప్పదు. కానీ అలా పోకండి. 3,000 మీటర్లు దాటిన సరీతాష్‌లో రెండు రాత్రులు పడుకుని పోండి. తలనొప్పికి వాంతి తోడైతే పైకి పోవడం ఆపండి, తగ్గకపోతే కిందకి దిగాల్సిందే, మాత్ర వేసుకుని ముందుకు పోదామనుకోవద్దు.

ట్యాంకు లెక్క కంపెనీ చెప్పిన మైలేజీతో వేయకండి, మీ బండి ఎదురుగాలిలో ఇచ్చిన మైలేజీతో వేయండి. అలాస్కా డాల్టన్ హైవేలో కోల్డ్‌ఫుట్ నుంచి డెడ్‌హార్స్ దాకా 386 కిలోమీటర్లు పెట్రోలు బంకే లేదు. అక్కడ 400 కిలోమీటర్లు వచ్చే ట్యాంకు సరిపోదు, 500 కావాలి.

ప్రశ్న: చెవుల్లో హోరు. రోజూ రాత్రి వినిపిస్తోంది. హెల్మెట్ మంచిదే.

ఇయర్‌ప్లగ్స్ ఈరోజే కొనండి. వేగంగా పోతుంటే మంచి హెల్మెట్ లోపల కూడా గాలి హోరు వినికిడిని పాడుచేసేంత ఉంటుంది, పాడైన వినికిడి తిరిగి రాదు. హోరు కొన్నాళ్లుగా ఉంటే చెవి డాక్టర్‌కి చూపించుకోండి.

ప్రశ్న: వాగు దాటేటప్పుడు బండి మునిగి ఆగిపోతే సెల్ఫ్ కొట్టొచ్చా?

కొట్టొద్దు, అస్సలు కొట్టొద్దు. సిలిండర్‌లోకి నీళ్లు పోయి ఉంటే నీరు నలగదు, పిస్టన్‌కి ఆనుకున్న కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బండిని ఒడ్డుకి నెట్టి, స్పార్క్ ప్లగ్గు తీసి, అప్పుడు సెల్ఫ్ కొడితే నీళ్లు ఆ రంధ్రంలోంచి చిమ్ముతాయి. ఎయిర్ ఫిల్టర్ పిండి ఆరబెట్టండి. ఆయిల్ పాలు కలిపిన రంగులోకి మారితే అది మార్చేదాకా నడపకండి.

దాటే ముందు నడిచి చూడండి. నున్నగా, ఇరుకుగా పారే చోట లోతు, వెడల్పుగా అలలు రేగే చోట లోతు తక్కువ. మంచుకొండల కింది వాగులైతే పొద్దున్నే దాటాలి, ఎండెక్కి మంచు కరిగాక సాయంత్రానికి అదే వాగు నడుములోతు అవుతుంది. సాయంత్రం చేరారంటే ఒడ్డునే డేరా వేసుకోండి. నడిచి దాటలేని వాగుని బండి మీదా దాటలేరు.

ప్రశ్న: ఏడాది యాత్ర అని అందరికీ చెప్పి బయల్దేరాను. నాలుగో నెలలో చేయి విరిగి బండిని ఓడలో పంపించేసి వచ్చేశాను. ఇప్పుడు ఎవరికీ మొహం చూపించాలని లేదు. మళ్లీ పోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగు నెలలు దేశాలు దాటి తిరిగిన మనిషి మీరు, విరిగింది చెయ్యి. పైన చెప్పిన ఎల్స్‌పెత్ బియర్డ్ కూడా ఆస్ట్రేలియాలో పడింది, థాయ్‌లాండ్‌లో ఇంకోసారి పడింది, మధ్యలో సిడ్నీలో నెలల తరబడి ఉద్యోగం చేసి డబ్బు కూడబెట్టుకుంది. ఆ ఆగిన నెలలన్నీ ఆవిడ యాత్రలో భాగమే కదా, మీకు మాత్రం ఎందుకు కాకూడదు?

మొదటినుంచీ మొదలుపెట్టక్కర్లేదు. ఎక్కడ ఆగారో ఆ ఊరికే బండి పంపి అక్కడినుంచే పోవచ్చు, చాలామంది ఏటా రెండు మూడు నెలల చొప్పున ముక్కలుగా ప్రపంచం చుట్టిన వాళ్లున్నారు. చేతికి డాక్టర్ ఫిజియోథెరపీ ఎన్ని వారాలు చెప్తే అన్ని వారాలూ చేయించండి, క్లచ్ పట్టే చెయ్యి అయితే ఇంకో నెల ఎక్కువే తీసుకోండి. పిడికిలి బిగించి పావుగంట సేపు మళ్లీ మళ్లీ వదిలి పట్టుకోగలిగినప్పుడు చిన్న బండి మీద దగ్గర దూరాలు మొదలుపెట్టండి.

ఈలోపు చేయాల్సిన పనులు రెండున్నాయి, మీరు రాయలేదు కాబట్టి అడుగుతున్నాను. కార్నె మీద చివరి దేశం పోక ముద్ర పడిందా, పుస్తకం క్లబ్బుకి తిరిగిచ్చి డిపాజిట్ విడిపించుకున్నారా? తొందరగా వచ్చేసినవాళ్లు మర్చిపోయేది ఇదే, గడువు దాటకముందే చూసుకోండి. రెండోది, ఓడలో వచ్చిన బండికి ఉప్పుగాలి తగిలి ఉంటుంది. మంచినీళ్లతో కడిగించి, చైన్‌కి ఆయిల్ పట్టించి, బ్యాటరీ విప్పి లోపల పెట్టండి. బండి ఏ దేశంలో ఆగిందో, అప్పటికి ఎన్ని కిలోమీటర్లు తిరిగారో రాయండి, అక్కడినుంచి ఏ నెలలో బయల్దేరితే బాగుంటుందో వచ్చే సంచికలో చెప్తాను.